చెవి దాకా సినిమా

ఆ ఇరుకు మెట్లెక్కి పైకి వచ్చేవాళ్లలో ఎవరూ ఆవిడను కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలవరు. ఎదురుగా ఉంటే డాక్టరమ్మ అంటారు. వంతు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు మాత్రం, "ఇవాళ భుజాలమ్మ మంచి ఊపులో ఉంది, జాగ్రత్త" అని ఒకరి చెవిలో ఒకరు ఊదుకుంటారు. ఆ సంగతి ఆవిడకు తెలియకపోలేదు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంటుంది.

కింద నీళ్ల మోటార్లు బాగుచేసే దుకాణం, పైన ఆవిడ ఫిజియోథెరపీ గది. ఒక ఎత్తు బల్ల, దాని చుట్టూ లాగే తెర, తలుపు పైనుంచి వేలాడే కప్పీ తాడు, వేడి కాపడం సంచులు నానే స్టీలు తొట్టి, గోడకు నిలువుగా బిగించిన చెక్క నిచ్చెన. నిచ్చెన అంటే మనుషులెక్కేది కాదు; వేళ్లెక్కేది. వేలు పట్టేంత చిన్న చిన్న మెట్లు. రోగి గోడ పక్కన నిలబడో కూర్చునో, నొప్పి చెయ్యి వేళ్లను వాటి మీద ఒక్కొక్క మెట్టే పైకి పాకించాలి. మెడలూ నడుములూ మోకాళ్లూ అన్నీ ఆ గదికి వస్తాయి గానీ, ఆవిడకు పేరు తెచ్చినవి బిగుసుకుపోయిన భుజాలే. ఆ జబ్బు చెప్పి రాదు. ఒకరోజు చొక్కా తొడుక్కోబోతే చెయ్యి వెనక్కి పోదు. కొన్నాళ్లకు అల్మారా పై అర అందదు. ఆ తరవాత దువ్వెన నెత్తి దాకా రాదు. ఎముక విరగలేదు, వాపు కనబడదు, ఇంట్లోవాళ్లు నమ్మరు.

రోజూ కాస్త కాస్త లేపుతూ పోవడమే దానికి మందు. తంటా ఎక్కడంటే, మనిషి "సరేనమ్మా, లేపండి" అంటాడు, భుజం ఒప్పుకోదు. ఇంకొకరి చెయ్యి తగలగానే నొప్పి వస్తుందేమోనని రాయిలా బిగుస్తుంది. "వదిలెయ్యండి, వదులుగా వదిలెయ్యండి" అంటున్న కొద్దీ ఇంకా బిగుస్తుంది.

దీనికి విరుగుడు భుజాలమ్మకు అనుకోకుండా దొరికింది. గది తెరిచిన కొత్తల్లో, పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ బల్ల మీద పడుకుని, ముందు రోజు ఇంట్లో చూసిన సినిమా కథ చెప్పడం మొదలుపెట్టింది. కథలో ఒకాయన తన సొంత ఇంట్లోకే దొంగలా గోడ దూకుతున్నాడు. దూకాడా, కాలు జారిందా అన్న చోటికి వచ్చేసరికి, చెప్పే మనిషికి తనకొక చెయ్యి ఉందన్న ధ్యాసే లేదు. భుజాలమ్మ ఆ మోచెయ్యి కింద అరచెయ్యి వేసి మెల్లగా లేపింది. అన్నాళ్లూ ముక్కు ఎదురుగానే ఆగిపోతున్న చెయ్యి వెళ్లి చెవిని తాకింది. పోస్టాఫీసు ఆవిడ కథ ఆపి, తన చేతిని తనే, ఎవరో ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసుకుంది.

అప్పటినుంచీ భుజాలమ్మ మొదట అడిగేది నొప్పి ఎక్కడని కాదు. "ఈ మధ్య ఇంట్లో ఏం చూస్తున్నారండీ?"

సినిమా అయినా సరే, సీరీస్ అయినా సరే. చెప్పేవాళ్లు ఊపందుకునే దాకా ఆవిడ తొందరపడదు. "ఊఁ" అంటుంది, "అయ్యో" అంటుంది, "ఆ తరవాత?" అంటుంది. అసలు ఘట్టం వస్తోందంటే చెప్పే గొంతు తగ్గుతుంది, కళ్లు పైకప్పు కేసి తిరుగుతాయి. అదిగో, అప్పుడు లేపుతుంది.

అయితే ఆ కథ ఆవిడకు ముందే తెలిసి ఉండకూడదు. తెలిసిన కథకు "ఆ తరవాత?" అంటే ఆ మాటలో పస ఉండదు. ఒకసారి, చూసిన సినిమానే చూడనట్టు వింటూ, నవ్వు రావలసిన చోటుకంటే ముందే నవ్వి దొరికిపోయింది. చెప్పేవాడు ముఖం ముడుచుకున్నాడు. భుజం కూడా ముడుచుకుంది. ఇక అప్పటినుంచీ ఆవిడ ఇంట్లో తెర ముందు కూర్చోవడమే మానేసింది. అందరి సినిమాలూ విన్నది, ఒక్కటీ చూడలేదు. పైగా ఏ కథకూ చివర తెలియదు. భుజం బాగుపడగానే మనిషి రావడం మానేస్తాడు. కథ ఎక్కడుంటే అక్కడే తెగిపోతుంది.

తెర వెనక మాటలు బెంచీ మీదివాళ్లకు స్పష్టంగా వినబడతాయి. దాంతో ఆ బెంచీ, ఏం చూడాలో ఏం చూడకూడదో తేల్చే సభ అయిపోయింది. "మీరు చెప్పండి డాక్టరమ్మా, ఏది బాగుంటుంది?" అని అడిగితే ఆవిడ నటన గురించో సంగీతం గురించో చెప్పదు.

"నాకేం తెలుసు, నేను చూళ్లేదుగా. ఒకాయనకు మాత్రం అది చెబుతూ చెబుతూ చెయ్యి చెవి దాకా లేచింది."

మరీ పట్టుబడితే తను విన్నంతవరకు కథ చెబుతుంది. చెయ్యి ఎందాకా లేచిందన్న ఆ మాటే కొలత అయి కూర్చుంది. చప్పగా ఉంటే నడుము దాకా. ఫరవాలేదంటే భుజం దాకా. ఊపిరి బిగబట్టి చూడవలసినదైతే చెవి దాకా.

"నిన్న మీరు చెప్పింది పెట్టామండీ. చెవి దాకా అన్నారు, మా ఇంట్లో నడుము దాటలేదు."

"ఒక్కరే చూశారా?"

"మా ఆవిడా నేనూ. ఆవిడ నిద్రపోయింది."

"అయితే నడుమెక్కడండీ, మోకాలు!"

సినిమాల పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. లైట్‌హౌస్ ఆవిడది, తాళాల పిల్లది, రైల్లో పెట్టె మారిపోయినది, ఇలాగే చెప్పుకునేవాళ్లు. వెతుక్కోవడం వాళ్ల వాళ్ల తిప్పలు.

ఇక ఆవిడ ఇల్లు. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆవిడ, నీళ్ల సరఫరా ఆఫీసులో పనిచేసే భర్త, అత్తగారు. అత్తగారు కూడా ఉద్యోగం చేసి రిటైరైన మనిషే. టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరు. ఆ రోజుల్లో ఎదురుగా నిలువెత్తు బోర్డు ఉండేది, దాని నిండా కన్నాలు. అడిగినవాళ్ల తీగను అడిగిన కన్నంలో గుచ్చి ఇద్దరినీ కలపడం ఆవిడ పని. ఊరి గుట్టంతా ఆ తీగల్లోంచే పోయేది. ఎవరికి పెళ్లి కుదరబోతోందో, ఎవరి కాపురం చెడబోతోందో, వాళ్ల ఇంట్లోవాళ్లకంటే ముందు ఆవిడకు తెలిసేది. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. ఎక్స్చేంజీ పోయింది, బోర్డు పోయింది, ఆ అలవాటు మాత్రం ఆవిడ దగ్గరే మిగిలిపోయింది.

ఇప్పుడు ఆవిడ మధ్యాహ్నాలన్నీ సోఫాలో, తెర ముందు గడుస్తాయి. బెంచీ మీది సిఫార్సులను కోడలు సాయంత్రం ఇంటికి మోసుకొస్తుంది.

"అత్తయ్యా, లైట్‌హౌస్‌ది ఏదో ఉందట. చెవి దాకా అంటున్నారు."

రెండు మూడు రోజులయ్యాక అడుగుతుంది. "ఎలా ఉంది?"

"ఉంది."

"కథేంటి?"

"చూస్తే తెలుస్తుంది."

"నేను చూడనుగా అత్తయ్యా."

"అయితే తెలీదు."

అంతకు మించి నోరు విప్పదు. మరీ నచ్చితే, "ఆ తాళాల పిల్లది మీ బెంచీవాళ్లకు చెప్పు, ఖాళీగా కూర్చునే బదులు చూస్తారు" అంటుంది. సిఫార్సు ఇస్తుంది, కథ ఇవ్వదు.

ఇలా సాగుతూండగా ఒకరోజు భోజనాల దగ్గర భర్త మామూలుగా ఒక మాటన్నాడు.

"అమ్మకు ఎడంచేతివాటం ఎప్పుడొచ్చింది? రిమోటూ అటే, దువ్వెనా అటే."

భుజాలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. లేచి ముందు గదిలోకి వెళ్లింది. అత్తగారు సోఫాలో ఎప్పటిలాగే కూర్చుని ఉంది. ఎప్పుడూ నెత్తి మీద బిగువుగా ఉండే ముడి మెడ మీదికి జారి ఉంది. అది ఎన్నాళ్లనుంచి అలా ఉందో భుజాలమ్మకు గుర్తు రాలేదు.

"అత్తయ్యా, కుడిచెయ్యి పైకెత్తండి."

"ఎందుకు? నేనేమన్నా బళ్లో పిల్లనా?"

"ఎత్తండి ముందు."

ఎత్తింది. చెయ్యి రొమ్ము ఎత్తుకు రాకుండానే ఆగింది. ఇంకా పైకి తేవాలని మనిషే ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఎన్నాళ్లయింది ఇలా?"

"ఏమో. ఆ లైట్‌హౌస్‌ది పెట్టినప్పటినుంచి అనుకుంటా."

"నాకొక మాట చెప్పొద్దూ?"

"అదే తగ్గుతుందిలే అనుకున్నాను."

ఊళ్లో భుజాలన్నీ చూసేదానివి, నీకు కనబడలేదా అని అత్తగారు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. ఒక్క సాయంత్రం ఆ సోఫాలో పక్కన కూర్చుని ఉంటే, రిమోటు చెయ్యి మారడం కనబడేది కాదూ.

మర్నాటినుంచి అత్తగారు కూడా ఆ ఇరుకు మెట్లెక్కసాగింది. వేడి కాపడం అయింది, కప్పీ తాడు అయింది, చెక్క నిచ్చెన అయింది. భుజం మాత్రం మొండికేసింది. కోడలు చెయ్యి వెయ్యగానే పళ్లు బిగబట్టేది. కథ చెప్పమంటే చెప్పేది కాదు.

"ఏదో ఒకటి చెప్పండి అత్తయ్యా. సినిమాయే కదా, ఎవరి కాపురమూ కూలిపోదు."

"విన్నదీ చూసిందీ మోసుకుని తిరగడం నాకు చేతకాదమ్మాయ్. నా నోరు అటు తిరగదు."

ఎముకల డాక్టరుకు చూపిస్తే, ఆయన చెయ్యి అటూ ఇటూ కదిపి చూసి పెదవి విరిచాడు. "ఇంకొన్నాళ్లు చూద్దాం. వచ్చేసారికీ ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి కదిలించేద్దాం. పెద్ద పనేమీ కాదు" అన్నాడు. గుండె సంగతీ షుగరు సంగతీ అడిగాడు. అన్నిటికీ అత్తగారు నిబ్బరంగానే జవాబు చెప్పింది. బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నొప్పి ఎంతైనా ఓర్చుకుంటాను. మత్తు మాత్రం వద్దు."

"భయమెందుకత్తయ్యా? కాసేపు నిద్రపోయి లేచినట్టుంటుంది."

"నిద్రకు కాదు. మత్తులో మనిషి వాగుతుందంటారు. నేను నోరు తెరిస్తే ఏమేం వస్తాయో నీకు తెలుసా? ఆ లోపల నర్సును చూశావూ, పొడుగ్గా, కళ్లజోడు... వాళ్ల అమ్మ పెళ్లికి ముందు మాట్లాడిన మాటలున్నాయి నా దగ్గర. మాట్లాడింది ఆ పిల్ల నాన్నతో కాదు."

భుజాలమ్మకు నవ్వొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే అత్తగారి కళ్లలో నిజంగానే భయం ఉంది. ఒక జీవితమంతా మూసి ఉంచిన తలుపును ఎవరో ఒక్క సూదితో తెరిచేస్తారన్న భయం. నవ్వు ఎటో పోయింది. వచ్చేసారికి ఈ చెయ్యి లేవాలి, ఎలాగైనా లేవాలి అనుకుంది. ఎలాగో మాత్రం తోచలేదు. ఆవిడ దగ్గరున్న ఒకే ఒక్క ఉపాయం ఈ మనిషి ముందు పనికిరాకుండా పోయింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, బెంచీ ఖాళీగా ఉన్న వేళ. అత్తగారు గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, కుడిచేతి వేళ్లు నిచ్చెన మీద పెట్టి, ఎప్పుడూ ఆగే మెట్టు దగ్గరే ఆగి ఉంది. భుజాలమ్మ పక్కనే నిలబడి ఉంది. తలుపు దగ్గర బేకరీ ఆయన కప్పీ తాడు లాగుతున్నాడు. పిండి పిసికి పిసికి భుజం పట్టేసిన మనిషి. లాగుతూ లాగుతూ తాడు వదిలేశాడు.

"డాక్టరమ్మా, నాకు మీ మీద కోపం వచ్చింది."

"అయ్యో, ఎందుకండీ?"

"ఆ లైట్‌హౌస్‌ది చూడమన్నారు. చూశాం, నేనూ మా ఆవిడా. తెల్లారకముందే బట్టీ వెలిగించాల్సినవాణ్ణి, నిద్ర మానుకుని చూశాను. అక్క రాలేదు."

"ఏ అక్క?"

"మీరు చెప్పిన అక్కే! గదిలో దొరికే అక్క! ఇప్పుడొస్తుంది, ఇదిగో వస్తుందని మా ఆవిడ కుర్చీ అంచుకొచ్చి కూర్చుంది. కథ అయిపోయింది, పేర్లు కూడా పడ్డాయి. పేర్ల వెనకాలన్నా వస్తుందేమోనని అవీ చూశాం."

"ఎందుకు రాదండీ? నాకు చెప్పినవాళ్లు చెప్పారే!" భుజాలమ్మకు పౌరుషం వచ్చింది. "సముద్రం ఒడ్డున లైట్‌హౌస్. మొగుడు పోయాక ఆవిడే దీపం చూసుకుంటోంది. తుఫాను వెలిశాక ఒక మనిషి ఒడ్డుకు కొట్టుకొస్తాడు. తనెవరో తనకే గుర్తులేదు. జేబులో తాళంచెవి ఉంది. అవునా కాదా?"

"అవును, అంతవరకూ అంతే."

"ఆ తాళంచెవి ఎక్కడా పట్టదు. చివరికి మేడమీద, ఎవరూ తెరవని గదికి పడుతుంది. తలుపు తీస్తే, ఎప్పుడో పోయిందనుకున్న అక్క లోపల నిక్షేపంలా కూర్చుని..."

"ఆగు."

అన్నది అత్తగారు. గోడకేసి చూస్తూనే అంది.

"లైట్‌హౌస్‌లో మేడగది ఎక్కడిది?"

"ఉందటగా అత్తయ్యా..."

"ఎవరన్నారు? ఆ గది తాళాలు చేసే పిల్ల ఇంట్లోది. వేరే ఊరు, వేరే మనుషులు, సీరీసే వేరు. నీకు రెండు లైన్లు కలిసిపోయాయమ్మాయ్!"

భుజాలమ్మకు అప్పుడు తట్టింది. లైట్‌హౌస్ కథ చెప్పింది ఒక టైలరమ్మ. తాళంచెవి దొరికే దాకా చెప్పింది, భుజం బాగైంది, రావడం మానేసింది. ఆ వెనకే వచ్చిన డ్రైవింగ్ స్కూలు మాస్టారు తాళాల పిల్ల కథను సగంలోంచి అందుకున్నాడు, తాళంచెవి గదికి పట్టే చోటినుంచి. అందులోనూ సముద్రం ఉంది. ఇక్కడ తెగిన కథా అక్కడ మొదలైన కథా ఆవిడ తలలో ఒక్క తాళంచెవితో అతుక్కుపోయాయి. ఆ అతుకుల బొంతనే ఎందరికో చెవి దాకా అని చెప్పి పంపింది. ఆవిడ నాలుక కరుచుకుంది.

అత్తగారు మాత్రం అక్కడ ఆగలేదు. ఆవిడకు ఒళ్లు మండిపోతోంది. జీవితంలో ఎవరి ఫోనూ పొరపాటున కూడా వేరేవాళ్లకు కలపని మనిషి.

"ఇటు చూడు. ఇదీ లైట్‌హౌస్." ఆగిపోయిన మెట్టు మీదే వేలితో కొట్టింది. "ఆ మనిషి జేబులోది తలుపు తాళానిది కాదు. దీపం తిప్పే యంత్రం ఉంటుంది చూడు, గడియారంలా కీ ఇవ్వాలి దానికి. ఆ చావి అది. కాబట్టి దీన్ని ఇక్కడినుంచి పీకి..." వేళ్లు మెట్టు మీదినుంచి లేచాయి. "ఇదిగో, దీపం దగ్గర పెట్టాలి." పై మెట్టులో గుచ్చింది.

"అవును! అదే!" అన్నాడు బేకరీ ఆయన.

"నువ్వుండు నాయనా. ఇక తాళాల పిల్ల. దాని లైను ఇక్కడ. దాని అక్క కనబడకుండా పోయినప్పుడు తాళంచెవి తీసుకుపోలేదు, దిండు కింద పెట్టిపోయింది. ఎందుకు పెట్టింది?"

"ఎందుకు?" అన్నారు ఇద్దరూ.

"తెరవాలనుకున్నవాళ్లకు దొరకాలని. దిండు కిందినుంచి పెట్టెలోకి, పెట్టెలోంచి ఈ పిల్ల చేతిలోకి..." ఒక్కొక్క మాటకూ వేళ్లు ఒక మెట్టు మీదినుంచి ఇంకో మెట్టుకు పోతున్నాయి. పాకడం లేదు, పీకి గుచ్చుతున్నాయి, చేసి చేసి చేతికి అలవాటైన పాత బోర్డు పనిలా. బేకరీ ఆయన నోరు తెరుచుకుని, "డాక్టరమ్మా, ఆ చెయ్యి..." అనబోయాడు. భుజాలమ్మ కళ్లతోనే వద్దంది.

"ఆ తరవాత?" అంది. ఆవిడ గొంతులో ఆ మాట అంత నిజంగా ఎన్నడూ పలకలేదు.

"ఆ తరవాత పిల్ల మేడ మెట్లెక్కుతుంది. తాళం తిరుగుతుంది. తలుపు మీద చెయ్యి వేసి..." అత్తగారు టక్కున ఆగింది. "అంతే. ఆపైన చెప్పను."

"అత్తయ్యా!"

"నేను కథ చెప్పలేదు. లైన్లు విడదీశాను, అంతే. తప్పు కనెక్షను కళ్లెదురుగా పెట్టుకుని ఊరుకోలేను."

అప్పుడు చూసుకుంది. కుడిచెయ్యి చెవి పక్కగా నిచ్చెన మీద నిలబడి ఉంది. చూసుకోగానే నొప్పి కూడా గుర్తొచ్చినట్టుంది, "అమ్మా!" అంది. కోడలు మోచెయ్యి కింద అరచెయ్యి ఆన్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు నెమ్మదిగా దింపింది.

"పెద్దమ్మా," అన్నాడు బేకరీ ఆయన వినయంగా, "ఆ తాళాల పిల్లది ఏ పేరుతో ఉంటుందో చెబుతారా? మా ఆవిడకు అక్క రావాలి."

మర్నాడు భుజాలమ్మ హుషారుగా గదిలో అడుగుపెట్టింది. దారి దొరికిందనుకుంది. అత్తగారిని నిచ్చెన ముందు కూర్చోబెట్టి, అమాయకంగా ముఖం పెట్టి మొదలుపెట్టింది. "అది కాదత్తయ్యా, రైల్లో పెట్టె మారిపోయిన ఆయన ఆ లైట్‌హౌస్‌కే కదా వెళ్లేది?"

అత్తగారు తల తిప్పి కోడలిని పైనుంచి కింద దాకా చూసింది.

"కావాలని అంటున్నావు కదూ?"

"లేదే!"

"తప్పు కూడా సరిగ్గా చెప్పడం రాదు నీకు. నిన్న నిజంగా పొరబడ్డావు కాబట్టి నాకు ఒళ్లు మండింది. ఇవాళ మండదు." వేళ్లు పాత మెట్టు దగ్గరే ఆగిపోయాయి. "నాతో మాట్లాడాలంటే చూసి రా. చూసినవాళ్లతో అయితే మాట్లాడతాను. అప్పుడది చేరవేసినట్టు కాదు."

భుజాలమ్మ ఆలోచనలో పడింది. మిగతా అందరి దగ్గరా ఆవిడ చూడకుండా ఉండాలి. ఈ ఒక్క మనిషి దగ్గర చూసి ఉండాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ సోఫాలో కూర్చుంది. భర్త వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "ఇల్లు మారి వచ్చానా ఏంటి?" అన్నాడు. "మాట్లాడకుండా కూర్చోరా" అంది తల్లి. లైట్‌హౌస్‌ది పెట్టారు. తుఫాను వచ్చింది, మనిషి కొట్టుకొచ్చాడు, జేబులో చావి దొరికింది. అన్నీ విన్నవే, అయినా విన్నట్టు ఒక్కటీ లేవు. టైలరమ్మ చెప్పినప్పుడు ఆ విధవావిడ లావుగా, కోపంగా ఉన్నట్టు ఊహించుకుంది. ఇక్కడ సన్నగా, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉంది.

"ఆ తరవాత?" అంది భుజాలమ్మ, అలవాటుకొద్దీ, తెరతోనే.

"చూడు, తెలుస్తుంది" అంది అత్తగారు.

కొన్ని ఆదివారాల్లో అది పూర్తయింది. చివర ఏమైందో నేనూ చెప్పను. చూసి లేచాక, కథ చివర తెలుసుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో భుజాలమ్మ ముఖం అలా ఉందని మాత్రం ఆమె భర్త చెప్పాడు.

అక్కడినుంచి నిచ్చెన దగ్గర రోజూ పోట్లాటే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి నిజంగా అన్నీ మరిచిపోయాడని కోడలు. కాదు, అన్నీ గుర్తున్నాయని అత్తగారు.

"పాపం, తన పేరే తెలీదత్తయ్యా ఆయనకు!"

"అన్నీ తెలుసు. ఆవిడ కూనిరాగం తీస్తుంటే పక్కకు తిరిగాడు చూశావా? గుర్తుండీ చెప్పకుండా కూర్చున్న మనిషి మెడ ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు?"

"మరి చెప్పొచ్చుగా?"

"చెబితే ఎవరికి నష్టమో చూడు. ఇదిగో, వీడు ఇక్కడ..." వేలు పై మెట్టుకు పోయింది.

ఆ పోట్లాటల్లో చెయ్యి ఒకరోజు పెరిగేది, ఒకరోజు తగ్గేది. మొత్తమ్మీద మాత్రం పైకే పోతూ వచ్చింది. బెంచీ మీదివాళ్లు అత్తాకోడళ్ల తగవులో రెండు పక్షాలుగా చీలిపోయారు. బేకరీ ఆయన అత్తగారి పక్షం. వాళ్ల ఆవిడ కోడలి పక్షమని ఆయనే చెప్పాడు. ఇంట్లో ఆ విషయం మీద కాసేపు మాటలు కూడా లేవట.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు అత్తగారు పొద్దున్నే తయారై కూర్చుంది. ముడి నెత్తి మీద లేదు గానీ, మెడ మీదినుంచి కాస్త పైకి చేరింది. తనే వేసుకుంది. డాక్టరు చెయ్యి లేపమన్నాడు. లేపింది. కళ్లజోడు నర్సు పక్కనే నిలబడి రాసుకుంటోంది. డాక్టరు తనూ పట్టి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు.

"మత్తు అక్కర్లేదు. ఇలాగే కానివ్వండి, మిగతాది అదే వస్తుంది. ఏం చేశారు?"

"పోట్లాడుకున్నాం" అంది అత్తగారు.

లేచి వస్తూ ఆవిడ నర్సు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "మీ అమ్మ బాగున్నారా?" అని అడిగింది. "బాగున్నారండీ, మీకు మా అమ్మ తెలుసా?" అంది ఆ పిల్ల. "గొంతు గుర్తు, అంతే" అని బయటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం భుజాలమ్మ గది తెరవలేదు. తాళాల పిల్లది మొదలుపెడదామని అత్తగారే అంది. ఎండ సూటిగా తెర మీద పడి బొమ్మ కనబడడం లేదు. కోడలు కర్టెను వేద్దామని లేవబోయింది.

"కూర్చో. నేను వేస్తాను."

అత్తగారు కిటికీ దగ్గరికి వెళ్లి, కుడిచెయ్యి ఎత్తి కర్టెను కొస పట్టుకుంది. ఎత్తులో ఉన్న రింగు ఒకటి పట్టేసింది. ఆవిడ ఇంకాస్త చెయ్యి చాపింది, వేళ్లతో దాన్ని అందుకుని లాగింది. గది చీకటైంది. భుజాలమ్మ ఆ మోచేతినే, ఆ వేళ్లనే కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది. తెర మీద అప్పటికే ఎవరో మెట్లు దిగుతున్నారు.

"నా చేతికేసి కాదమ్మాయ్," అంది అత్తగారు వచ్చి పక్కన కూర్చుంటూ, "అటు చూడు. మళ్లీ తప్పు లైను కలుపుతావు."